పాకలో పడున్న డ్రాగ్ కారుకి ఇంట్లోనే కొత్త వైరింగ్ వేయడం ఎలా?

నాలుగైదు వర్షాకాలాలు పాకలో నిలబడిపోయిన కారుకి తుప్పు ఎక్కడ పట్టిందో చూడగానే తెలిసిపోతుంది. వైరింగ్‌లోకి దిగిన చెమ్మ అలా బయటపడదు. పైన తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రాగి పోగులు మాత్రం నల్లబడిపోయి ఉంటాయి. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, తీరా స్విచ్ వేస్తే ఫ్యాను తిరగలేక మూలుగుతుంది. రాజోలు, నరసాపురం వైపు ఉప్పుగాలికి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర ఈ జబ్బు ఇంకా తొందరగా ముదురుతుంది. కాబట్టి ధవళేశ్వరం దిగువన ఉన్నవాళ్లు పాత వైరింగ్‌కి అతుకులు వేసుకుంటూ కూర్చోవద్దు. మొత్తం పీకేసి కొత్తది కట్టుకోండి. డ్రాగ్ కారుకి, అంటే తిన్నటి ట్రాక్ మీద 402 మీటర్ల పందానికి సిద్ధం చేసే కారుకి, ఇది చెప్పినంత పెద్ద పనేం కాదు. రేడియో, ఏసీ, పవర్ విండోలు ఏవీ ఉండవు గనక సర్క్యూట్లు పది పన్నెండుకి మించవు.

ఇక్కడ చెప్పేది కాంటెస్సాని దృష్టిలో పెట్టుకుని. 1984 నుంచి 2002 దాకా హిందుస్థాన్ మోటార్స్ చేసిన ఈ కారు వెనక చక్రాలతో నడుస్తుంది. 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ది దొరికితే కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరే కాబట్టి కంప్యూటర్ గొడవ లేదు. పద్మినికైనా, కార్బ్యురేటర్ ఎస్టీమ్‌కైనా పద్ధతి ఇదే. ఎంపీఎఫ్ఐ కారైతే (కార్బ్యురేటర్ బదులు కంప్యూటరే పెట్రోలు చిమ్మించే రకం) ఇంజిన్ కంప్యూటర్‌కి వెళ్లే వైర్ల కట్టని మాత్రం ముట్టుకోకండి. దాన్ని శుభ్రం చేసి అలాగే ఉంచి, మిగతాదే మార్చండి.

ముందుగా చూసుకోవాల్సినవి

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి వానలు పడేలోపు ముగించండి. ముసురు రోజుల్లో వైరు చివర్ల మీద స్లీవులు వేడిచేసి బిగిస్తే లోపలి చెమ్మని మీ చేతులతో మీరే సీలు వేసినట్టు. పెయింటు, ప్రైమరు పరిస్థితీ అంతే. పాకలో మట్టి నేల అయితే కారు కింద ప్లైవుడ్ షీట్లు పరవండి. కారు ఎత్తితే యాక్సిల్ స్టాండ్ల మీద నిలపండి. ఇటుకలు, కొబ్బరి దుంగలు ఎంతమాత్రం పనికిరావు.

బ్యాటరీ తీసి బయట పెట్టండి. ట్యాంకులో పాత పెట్రోలుంటే మొత్తం దింపేయండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమని లాగి నీళ్లుగా అడుగుకి దిగి ట్యాంకుని లోపల్నుంచి తినేస్తుంది. ఏబీసీ పౌడరు ఉన్న మంటలార్పే సిలిండరు ఒకటి చేతికందే చోట తగిలించండి.

పాత వైరింగ్ కిట్‌ని ముక్కలుగా కోసి లాగొద్దు. ప్రతి కనెక్టర్‌నీ ఫొటో తీసి, దానికి నంబరు తగిలించి, కట్టని మొత్తంగా బయటికి తీయండి. టేపు మీద పెన్నుతో రాస్తే చెమట చేతులకి రెండు రోజుల్లో చెరిగిపోతుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో ఫెర్రూల్ నంబర్లని నంబర్లున్న చిన్న గొట్టాలు అమ్ముతారు, అవి వైరుకి తొడగండి. తీసిన కట్టని ప్లైవుడ్ మీద పరిచి, ఎక్కడ ఏ కొమ్మ చీలుతోందో మేకులు కొట్టి గుర్తు పెట్టండి. కొత్త కట్టకి కొలత అదే. ఒక్కో వైరూ పాతదానికంటే జానెడు పొడుగు ఉంచుకుంటే తర్వాత మీకే హాయి.

బాడీ పని పూర్తయ్యాకే వైరు

వెల్డింగ్, టింకరింగ్, ప్రైమరు ముగియకుండా ఒక్క వైరు కూడా లాగొద్దు. నిప్పురవ్వలు కొత్త తొడుగుని కాల్చేస్తాయి. ఏదైనా వైరు ఉండగా వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ విప్పి చేయండి, లేకపోతే డయోడ్లు పోతాయి. పెట్రోలు ట్యాంకు కారులో ఉండగా దగ్గర్లో వెల్డింగ్ పెట్టనే పెట్టొద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం.

డెల్టా కార్లలో తుప్పు ఎక్కువగా ఫ్లోరు అంచుల్లో, డిక్కీ అడుగున స్టెప్నీ గుంటలో, విండ్‌షీల్డ్ రబ్బరు కింద దాక్కుంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే ఆ రేకు కోసి కొత్తది వేయాల్సిందే, లప్పం పెట్టి కప్పేస్తే వచ్చే వానాకాలానికి ఉబ్బి ఊడిపోతుంది. గీకిన రేకు మీద ఎపాక్సీ ప్రైమరు కొట్టండి. ఇంకో మాట, కారు కడగడానికి ఏ నీళ్లు వాడుతున్నారో చూసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గీకిన రేకుని వాటితో కడిగితే తెల్లారేసరికి ఎర్రగా తేలుతుంది. కాలవ నీళ్లో కుళాయి నీళ్లో వాడి, కడిగిన వెంటనే ఎండలో పెట్టి ఆరబెట్టండి.

ఇంజిన్ పని వేరే పెద్ద కథ. వైరింగ్‌కి ముందు కనీసం ఇంతైనా చేయండి: ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిలు పోసి, ఒక రాత్రి వదిలేసి, స్పానరుతో క్రాంక్‌ని చేత్తో తిప్పండి. తిరగని ఇంజిన్‌కి సెల్ఫ్ కొడితే సెల్ఫ్ మోటారూ పోతుంది, కొత్త కేబులూ కాలుతుంది. బ్రేక్ ఆయిలు కూడా తేమ లాగే సరుకే, పాతది పూర్తిగా తీసేసి కొత్తది పోయండి.

కాగితం మీద సర్క్యూట్ గీసుకోండి

ఒక్కో సామాను ఎన్ని ఆంపియర్లు తాగుతుందో రాసుకుంటే వైరు, ఫ్యూజు వాటంతటవే తేలిపోతాయి. వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు. 60 వాట్ల హైబీమ్ బల్బు 5 ఆంపియర్లు, రెండు కలిపి 10. దానికి 2.5 స్క్వేర్ వైరు (రాగి అడ్డకోత 2.5 చదరపు మిల్లీమీటర్లు అని), 15 ఆంపియర్ల ఫ్యూజు, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్). రేడియేటర్ ఫ్యాను 12 నుంచి 14 లాగుతుంది, తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. దానికి 4 స్క్వేర్ వైరు, 25 ఫ్యూజు. పెట్రోలు పంపు తాగేది 4, 5 ఆంపియర్లే అయినా వెనకదాకా దూరం ఎక్కువ కాబట్టి 2.5 స్క్వేర్ వేసి 10 ఫ్యూజు పెట్టండి. ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి 1.5 స్క్వేర్, 10 ఫ్యూజు. బ్రేక్ లైట్లు 21 వాట్లవి రెండు, అంటే 3.5 ఆంపియర్లు. 1 స్క్వేర్ వైరు, 7.5 ఫ్యూజు చాలు. మీటర్లకీ 1 స్క్వేరే. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వైరు మాత్రం 10 స్క్వేర్‌కి తగ్గకూడదు.

ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి, సామానుని కాదు. వైరు మోయగలిగినదానికంటే ఫ్యూజు చిన్నదిగా ఉండాలి. మామూలుగా నడిచే లోడు ఫ్యూజు విలువలో 80 శాతం దాటకూడదు. ఊరికే ఊరికే కాలిపోతోందని పెద్ద ఫ్యూజు వేయడం, దానికి బదులు రాగి తీగ చుట్టడం కారుని తగలబెట్టే పనులు.

వైరు కొనేటప్పుడు కక్కుర్తి పడొద్దు. ఇంటి వైరింగ్‌కి వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. ఇంజిన్ పక్కన అది ముందు మెత్తబడుతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది. 105 డిగ్రీలు లేదా ఆపైన రాసి ఉన్న ఆటో వైరు అడగండి. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే మన గాలికి అంతకంటే మంచిది లేదు. చెరువుల దగ్గర ఏరియేటర్లకి వేయగా మిగిలిన కేబులు చాలామంది ఇళ్లల్లో చుట్ట చుట్టి ఉంటుంది. ఎంత ఊరించినా దాన్ని కారులో దూర్చొద్దు. కొన్న వైరు నిజంగా రాగేనా అని అనుమానమొస్తే ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. తిరిగిచ్చేయండి. (తగరం పూత వైరైతే ఇందుకు తిరగేసి ఉంటుంది: పైన తెలుపు, లోపల ఎరుపు.) ఇంట్లో గోడకుండే స్విచ్‌లు కూడా వాడకండి. అవి ఏసీకి చేసినవి, డీసీలో కాంటాక్టుల మధ్య లేచే మెరుపు తొందరగా తెగక లోపల కరిగిపోతాయి.

బ్యాటరీ డిక్కీలోకి

కాంటెస్సాలా వెనక చక్రాలతో నడిచే డ్రాగ్ కారులో బ్యాటరీని వెనక్కి మార్చేది బరువు కోసం. కారు ఎగిరి దూకే క్షణంలో వెనక టైర్ల మీద ఎంత బరువు పడితే అంత పట్టు. పన్నెండు పదిహేను కిలోలు ముందునుంచి వెనక్కి పోవడం చిన్న విషయమేం కాదు. అయితే దానివల్ల సెల్ఫ్ మోటార్ దాకా కేబులు ఐదు మీటర్లవుతుంది. తేడా ఎంతో చూడండి. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుంటే 16 స్క్వేర్ కేబుల్లో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 35 స్క్వేర్‌లో 0.4, 50 స్క్వేర్‌లో 0.3 పోతాయి. 35కి తగ్గొద్దు, కంప్రెషన్ పెంచిన ఇంజిన్ అయితే 50 వేయండి. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో వెల్డింగ్ సామాన్ల షాపుల్లో రాగి వెల్డింగ్ కేబుల్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. సన్నటి పోగులది కాబట్టి చక్కగా వంగుతుంది. అల్యూమినియంది అంటగట్టకుండా చూసుకోండి.

ఈ కేబుల్‌కి మామూలుగా ఫ్యూజు ఉండదు, అందుకని దారి జాగ్రత్తగా ఎంచుకోవాలి. కారు కింద సైలెన్సర్ పక్కన, ప్రొపెల్లర్ షాఫ్ట్ పక్కన పోనివ్వొద్దు. కారు లోపల ఒక పక్కన తీసుకెళ్లండి, పెట్రోలు పైపు రెండో పక్కన. జానెడుకో రబ్బరు క్లాంపు. రేకులో రంధ్రం చేసిన ప్రతిచోటా అంచు అరగదీసి, ప్రైమరు పూసి, రబ్బరు గ్రోమెట్ వేయండి. గ్రోమెట్ లేని రంధ్రం కేబుల్ తొడుగుని రంపంలా కోస్తుంది, ఫ్యూజు లేని చోట షార్ట్ అయిందంటే ఆపేవాడుండడు.

బ్యాటరీని నైలాన్ పట్టీతో కట్టి వదిలేయకూడదు. ఇనప ఫ్రేమూ, ఫ్లోరు దాటి కిందికి దిగిన రెండు బోల్టులూ ఉండాలి. అమెరికాలో డ్రాగ్ పోటీలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం ఆ బోల్టులు కనీసం 3/8 అంగుళం. వెనక సీటు తీసేశారు కాబట్టి డిక్కీకీ డ్రైవరుకీ మధ్య రేకు అడ్డం కొట్టండి, లేదా మూత బిగుసుకునే పెట్టెలో బ్యాటరీ పెట్టి గ్యాసు బయటికి పోయే గొట్టం కారు కిందికి దింపండి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు.

కటాఫ్ స్విచ్: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

బ్యాటరీ వెనక్కి వెళ్తే కారు మొత్తానికి కరెంటు ఆపే, బయటినుంచి అందే కటాఫ్ స్విచ్ తప్పనిసరి. కారు వెనక చివర, పాజిటివ్ వైపు, 'ఆఫ్' ఎటో పెద్దక్షరాలతో రాసి ఉండాలి. నెట్టి లాగే రకమైతే లోపలికి నెట్టినప్పుడు ఆగాలి. ప్రమాదంలో పరిగెత్తుకొచ్చినవాడు లాగాలా తిప్పాలా అని ఆలోచించుకోకూడదు గదా. మన దేశంలో మోటార్ పోటీల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపున్న పోటీకి వెళ్తుంటే ఆ ఏడాది నిబంధనల పుస్తకం తెప్పించుకుని స్విచ్ చోటు, రకం దాని ప్రకారం సరిచూసుకోండి.

రెండు కాళ్ల స్విచ్ కొని బ్యాటరీ కేబుల్ మధ్యలో పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు. ఇంజిన్ నడుస్తుండగా ఆ స్విచ్ తిప్పితే ఇంజిన్ ఆగదు. ఆల్టర్నేటర్ తనే కరెంటు పుట్టిస్తూ కాయిల్‌ని పోషిస్తూ ఉంటుంది. పైగా బ్యాటరీ హఠాత్తుగా తప్పుకోవడంతో వోల్టేజీ పదుల్లోకి ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బాక్సు ఒక్క దెబ్బకి పోతాయి. అందుకే ఆరు కాళ్ల స్విచ్ తీసుకోండి. రెండు పెద్దవి బ్యాటరీకి. చిన్న జతల్లో ఒకటి ఆఫ్ చేయగానే తెరుచుకుని కాయిల్ కరెంటు తెంపుతుంది. రెండోది మూసుకుని, ఆల్టర్నేటర్ వైపు మిగిలిన కరెంటుని 3 ఓమ్, 11 వాట్ల రెసిస్టర్ గుండా ఎర్త్‌కి పంపేస్తుంది. ఏ జత ఏదో మల్టీమీటర్ బీప్‌తో స్విచ్‌ని ఆన్‌లో, ఆఫ్‌లో రెండుసార్లూ చూసి తేల్చుకోండి.

ఎర్త్

సగం ఎలక్ట్రికల్ జబ్బులు ఎర్త్ జబ్బులే. బ్యాటరీ నెగటివ్ నుంచి డిక్కీలో గట్టి ఛాసిస్ భాగానికి, ఇంజిన్ బ్లాకు నుంచి ముందు ఛాసిస్‌కి, రెండు చోట్లా పాజిటివ్ ఎంత లావో అంత లావు కేబులే వేయండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి విడిగా పట్టీ లేకపోతే సెల్ఫ్ కరెంటు క్లచ్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టగానే క్లచ్ కేబుల్ పొగలు కక్కుతోందంటే కారణం అదే.

ఎర్త్ పెట్టే చోట నాణెమంత మేర పెయింటు గీకి, రేకు తళతళలాడేలా చేసి, లగ్గు (కేబుల్ చివర ఉండే కన్నమున్న లోహపు ముక్క) పెట్టి, పళ్ల వాషరు వేసి బిగించండి. బిగించాకే పైన వాసెలైన్ గానీ పెయింటు గానీ పూయండి. ముందు పూసి తర్వాత బిగిస్తే ఆ పూతే అడ్డం. లైట్లు, పంపు, ఫ్యాను ఎర్త్‌లన్నీ ఒకే స్క్రూకి గుత్తిగా తగిలించకండి. ఆ ఒక్కటీ వదులైతే బ్రేకు నొక్కినప్పుడు మీటరు ముల్లు ఊగుతుంది.

అతుకులు

వైరు మధ్యలో అతుకు లేకుండా చూసుకోండి. చివర్లలో క్రింపింగే, అంటే టెర్మినల్‌ని టూలుతో వైరు మీద నొక్కి బిగించడమే, మంచిది. సోల్డరింగ్ పెడితే సీసం పోగుల మధ్యకి పాకి, అది ఆగిన చోట వైరు కడ్డీలా అయి, ఇంజిన్ అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. కటింగ్ ప్లేయరుతో లగ్గుని నలిపేయడం క్రింపింగ్ కాదు. రాట్చెట్ టూలు కొనండి, పెద్ద కేబుల్ లగ్గులకి హైడ్రాలిక్ టూలు ఎవరైనా ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

చిన్న టెర్మినల్‌కి తొడుగు 6, 7 మిల్లీమీటర్లు ఒలవండి, ఒక్క పోగు కూడా తెగకూడదు. లోపల ఒలిచిన పోగులు ఎర్రగా (తగరం పూతవైతే తెల్లగా) మెరుస్తున్నాయో లేదో చూసి టెర్మినల్లోకి దూర్చి నొక్కి, గట్టిగా లాగండి. ఊడివస్తే ఇప్పుడే ఊడనివ్వండి. తర్వాత లోపల జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవు తొడిగి వేడి గాలి కొడితే చివర్లలో జిగురు పూసలా బయటికి వస్తుంది. అది వస్తేనే సీలు పడినట్టు. నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండకి జిగురు కారి మూడో నెలకే విప్పుకుంటుంది, ఎక్కడా వాడకండి.

ఫ్యూజు, రిలే ప్యానెల్ బానెట్ కింద కాకుండా లోపల ఎడమ పక్క డ్యాష్‌బోర్డు కింద పెట్టండి. నిలువుగా, వైర్లు కిందినుంచి వచ్చేలా. ప్రతి కట్టా పైకెక్కే ముందు కొంచెం కిందికి వంపు తిరగాలి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. రిలేలో 30కి ఫ్యూజు నుంచి వచ్చే కరెంటు, 87 నుంచి సామానుకి, 86కి స్విచ్, 85కి ఎర్త్. పెట్రోలు పంపు రిలేని ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా నడిపిస్తే ఇంజిన్ ఆగగానే పంపూ ఆగుతుంది. ప్రమాదంలో తెగిన పైపు నుంచి పెట్రోలు చిమ్మదు. స్టార్టింగ్ అప్పుడు ప్రెషర్ ఉండదు కాబట్టి సెల్ఫ్ వైరు నుంచి ఇంకో దారి ఇవ్వాలి, డయోడ్‌తో. లైన్‌లాక్ (టైర్లు వేడెక్కేలా వెనక చక్రాలని నిలబడ్డచోటే తిప్పే బర్నౌట్ కోసం ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచేది) ఉంటే దాని సోలెనాయిడ్‌కి నొక్కి పట్టుకుంటేనే పనిచేసే బటనే పెట్టండి. వేసి వదిలేసే స్విచ్ అయితే బర్నౌట్ అయ్యాక ముందు బ్రేకులు పట్టేసి ఉండగానే గీత దగ్గరికి పోతారు.

కాయిల్ కొనేముందు బాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) ఉందో లేదో చూడండి. మల్టీమీటర్‌తో కాయిల్ రెండు చిన్న కాళ్ల మధ్య 3 ఓమ్‌లు చూపిస్తే నేరుగా 12 వోల్టులు ఇవ్వొచ్చు. 1.5 చూపిస్తే రెసిస్టర్ ఉండాల్సిందే, లేకపోతే డిస్ట్రిబ్యూటర్లో కాయిల్ కరెంటుని కలిపి తెంపే పాయింట్లు మాడిపోతాయి. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేసినా అంతే, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాగిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

ఫ్యూజులన్నీ తీసేయండి. నెగటివ్ కేబుల్‌ని బ్యాటరీకి నేరుగా తగిలించకుండా మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టండి. అన్నీ ఆఫ్‌లో ఉండగా బల్బు వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఎంత షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుందే తప్ప వైరు కాలదు. వెలగకపోతే ఒక్కో ఫ్యూజూ పెడుతూ చూసుకుంటూ పోండి. అంతా బాగుందనుకున్నాక కేబుల్ బిగించి సెల్ఫ్ కొట్టండి.

సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మల్టీమీటర్ ఒక కాలు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది సెల్ఫ్ మోటార్ బోల్టు మీద పెట్టండి. 0.5 వోల్టు దాటకూడదు. బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య 0.3 దాటకూడదు. దాటితే ఏ లగ్గు వేడెక్కిందో చేత్తో తాకి చూడండి, దొంగ అక్కడే ఉంటాడు. బ్యాటరీ కాళ్ల మీద వోల్టేజీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కి తగ్గకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.8, 14.4 మధ్య ఉండాలి. 15 చూపిస్తే రెగ్యులేటర్ పోయింది, లేదా దాని ఎర్త్ లూజు. చివరగా ఇంజిన్ నడుస్తుండగా కటాఫ్ తిప్పి, నిజంగా ఆగుతోందో లేదో చూడండి.

తర్వాత పరీక్ష ట్రాక్ మీదే. 216 జాతీయ రహదారి ఖాళీగా కనపడిందనో, ఏటిగట్టు తిన్నగా ఉందనో 402 మీటర్లు అక్కడ కొలవొద్దు. గట్టు మీద ధాన్యం ఆరబోసి ఉంటారు, పశువులు అడ్డం వస్తాయి.

పాకలో పెట్టేటప్పుడు

కటాఫ్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి. టార్పాలిన్ బాడీకి తగిలేలా కప్పితే లోపల చెమర్చి నీళ్లు కారుతుంది. పాత నూలు దుప్పటి నయం. కొబ్బరి పీచు పొట్టు, ఊక బస్తాలు అదే పాకలో వేయకండి. పొట్టు చెమ్మ పట్టి ఉంచుతుంది, ఊక ఎలుకల్ని పిలుస్తుంది. సార్వా, దాళ్వా కోతలైన వెంటనే పొలంలో తిండి అయిపోయి ఎలుకలు పాకల్లోకి దిగుతాయి. పళ్లు అరగదీసుకోవడానికి వాటికి కొత్త వైరు తొడుగు చాలు. ఆ రోజుల్లో వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి, సైలెన్సర్ గొట్టానికి, గాలి పోయే కన్నాలకి ఇనప జాలీ బిగించండి. ఎలుకల మందు మాత్రం కారు లోపల పెట్టొద్దు. తిన్న ఎలుక డ్యాష్‌బోర్డు వెనక చేరి చచ్చిందంటే, దాన్ని తీయడానికి కట్టిన వైరింగ్ మళ్లీ విప్పుకోవాలి.